వీధంతా వినేలా

ఆ మెకానిక్‌కి ఒక అలవాటుంది. ఏ ఆంప్లిఫయర్ బాగుచేసినా, చివర్లో దాన్ని వీధివైపు తిప్పి గొంతు చించుకునేలా పాడిస్తాడు. తన పనితనం వీధంతా వినాలి. విన్నారనిపించాక, బొటనవేలితో నాబ్‌ని నెమ్మదిగా తిప్పి సౌండు తగ్గిస్తాడు.

పక్కవీధి టీచరమ్మ తెచ్చిన కొత్తరకం స్పీకరుకి నాబూ లేదు, స్క్రూలూ లేవు; సౌండు పెంచాలన్నా తగ్గించాలన్నా ఫోన్లోంచే. చుట్టూ జిగురుపెట్టి అతికేశారు. "పాడవదని అంత ధీమా కాబోలు వీళ్లకి!" అని గొణుక్కుంటూ, వేడిగాలి పట్టి, వేళ్లు కాల్చుకుని ఊడదీశాడు. లోపల మాడిపోయిన కెపాసిటర్ ఒక్కటి మార్చేసరికి దీపం వెలిగింది. దాంతోపాటు అతని మొహమూ వెలిగింది. స్పీకర్ని వీధివైపు తిప్పి, "ఫోన్లో సౌండు ఫుల్లు పెట్టమ్మా!" అన్నాడు.

పాట రాలేదు. తియ్యటి ఆడగొంతు ఒకటి వీధి దద్దరిల్లేలా పలికింది: "ఈ పరికరాన్ని అనుమతి లేని వ్యక్తి తెరిచారు. ఇది ఇక పనిచేయదు." ఆగి, మళ్లీ అదే మాట. ఎదురుగా టైలరు మిషను ఆపి చూశాడు.

"మూగబోయిందని తెస్తే పూర్తిగా చంపేశారు కదండీ!" అంది టీచరమ్మ, సౌండు తగ్గించకుండానే.

అతని బొటనవేలు ఆ నున్నటి పెట్టె మీద, లేని నాబ్ కోసం తడుముతూనే ఉంది.