మామ పేరున్న ఉసిరి చెట్టు

మా తమిళనాట ఐప్పసి నెల వానలు ఇంకా మొదలవకముందే మా మేనమామ కన్నుమూశాడు. ఫోన్లో ఆ కబురు చెప్పి, కాసేపు ఏడ్చి, "ఈ వాన చూడకుండానే పోయినాడప్పా" అంది అత్త. తిరుత్తణి బస్సులో కూర్చున్నాక ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

పూండి దారిలో ఉన్న మామ చేను పల్లం. గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. అక్కడ ఏ ఉసిరి తట్టుకుంటుందో తేల్చాలని రకానికొక మొక్క తెచ్చి నాటాడు. నెగ్గిన రకాన్ని పక్కనున్న ఖాళీ చేనంతా పెట్టాలని ఆయన ఆశ. కాపుకొచ్చాక కూడా తొందరపడలేదు. "ఎండలో అన్నీ మంచివే అల్లుడా. మూడు వానలు చూసినాకనే మాట" అనేవాడు. రెండే చూశాడు.

జోరువానలో పంచె ఎగ్గట్టి, గొడుగేసుకుని చెట్టు చెట్టుకూ తిరిగేవాడు. రాలిన కాయ కొరికి, విరిగిన కొమ్మ తడిమి, వణుకుతూ ఇంటికొచ్చేవాడు. అత్త తల తుడుస్తూనే తిట్టేది. ఓపిక అంటే ఏమిటో నేను ఆ మనిషి దగ్గరే చూశాను.

చకయ్య అని ఒక ఉత్తరాది రకం. పేరు విని మామ మన తెలుగాయనే అనుకున్నాడు. "ఈ చకయ్యది ఏ ఊరు? చిత్తూరు పక్కనా?" అని నర్సరీలో అడిగాడట. అసలు సంగతి తెలిశాక కూడా మర్యాద మానలేదు. "చకయ్యగారు ఎట్లుండారు?" అని పలకరించాకే మిగతా చెట్ల దగ్గరికి పోయేవాడు.

ఇంకో రకానిది అచ్చంగా మామ పేరే. అత్త మొగుడి పేరు నోట పలికే మనిషి కాదు. అందుకని అది "మీ మామ చెట్టు" అయింది. "మీ మామ చెట్టు ఈ ఏడూ సోమరే" అని ఆమె నాతో అంటుంటే మామ పడీపడీ నవ్వేవాడు.

"పేరు పెట్టే తిట్టవే, చెట్టునే కదా!"

"యాడైనా ఉందా?" అని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ చెట్టుకు కాయ పెద్దది, కాపు తక్కువ. "నా పేరు కదా, వానకు నిలవదు. కండిప్పా, రాసిపెట్టుకో, గెలిచేది చకయ్యే" అని మామ పందెం. "చూస్తాం, చూస్తాం" అనేది అత్త.

ఆయన పోయాక, ఆయన చూడాలనుకున్న ఆ మూడో వాన వచ్చింది. కుండపోత. తెరిపిచ్చిన పొద్దున నేనూ అత్తా చేనికి పోయాం. మోకాటి లోతు నీళ్లు. చకయ్యగారి కొమ్మలు కాయల బరువుకు చీలి నీళ్లలో వాలిపోయాయి. మిగతా రకాల కాయలు రాలి తేలుతున్నాయి. మామ చెట్టు మాత్రం తనకున్న నాలుగు కాయలనూ పట్టుకుని నిటారుగా నిలబడింది. ఖాళీ చేనికి ఏ మొక్కలు తేవాలో నేను అత్తను అడగనక్కర లేకపోయింది.

ఆమె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలో నడిచి, దాని మొదలు మీద చెయ్యి వేసింది. "నిలిచినావే!" అంది నవ్వుతూ. కొంగు అడ్డం పెట్టుకోకుండా, చేనంతా వినబడేలా, దాన్ని పేరు పెట్టి పిలిచింది.