ముసుగు మాస్టారు

మా ల్యాబు పెద్దాయనకు పేరు కనబడితే పడదు. సీసా, డబ్బా, ట్యూబు, ఏది కంటబడినా దాని మీది పేరును తెల్ల కాగితంతో కప్పేసి, పైన ఒక నంబరు వేస్తారు. ఏ నంబరు ఏమిటో రాసిన చీటీ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. పేరు చూస్తే కన్ను ముందే తీర్పు చెప్పేస్తుందని ఆయన వాదన. అందుకే ఆయనను ముసుగు మాస్టారు అంటాం. ఆ పేరును మాత్రం ఆయన ఇంతవరకు కప్పలేకపోయారు.

ఈ జబ్బు ఇంటిదాకా పాకింది. ఒకసారి వంటింటి డబ్బాలన్నిటికీ ముసుగులు వేసి, చీటీ ఉన్న చొక్కాను ఉతకడానికి పడేశారు. మూడు రోజులు ఆ ఇంట్లో ఉప్పుకీ పంచదారకీ తేడా నాలుకే చెప్పాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ బావగారు చూడటానికి వచ్చి, ఉప్పు టీ ఒక గుక్క తాగి కళ్ళు తేలేశారు. మాస్టారు ఆయన వీపు నిమరడం మాని, పెన్ను తీసి, రుచికి పదికి ఎన్ని మార్కులో చెప్పమన్నారట. మాస్టారి భార్య ఇప్పటికీ ఆయన్ను వంటింటి గడప దాటనివ్వరు.

నేను ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నాను. మా పెరటి గోడ వారన పెరిగే ఒక మొక్క ఆకుల సారం తీసి, అది ఆక్సీకరణను ఆపుతుందా, క్యాన్సర్ కణాలను చంపుతుందా అని చూడటం నా పని. మొదటిది తేలిగ్గానే తేలింది. సారం పడగానే ఊదా రంగు ద్రావణం పసుపుకు తిరిగింది, అంటే ఆక్సీకరణను ఆపుతుందన్నమాట. రెండోదే నా గుండెల మీద కుంపటి. నన్ను పెంచిన మా పిన్నికి రొమ్ములో గడ్డ తేలింది. వెంటనే ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. పిన్నేమో ఆ ఆకుల కషాయమే తాగుతూ, "మా పిల్ల పరీక్ష చేస్తోందండీ, రిజల్టు రానివ్వండి" అని వాయిదా వేసింది. ఎంత బతిమాలినా వినలేదు. ఈ సంగతి నేను ల్యాబులో ఎవరికీ చెప్పలేదు.

మొదటి విడత లెక్కలో సారం పోసిన ప్లేటులో కణాలు సగానికి సగం చచ్చాయి. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మాస్టారు కాగితం చూసి ఒక్కటే అడిగారు.

"లెక్కపెట్టేటప్పుడు సారం ఏ ప్లేటులో ఉందో నీకు తెలుసా?"

తెలుసన్నాను.

"అయితే మళ్ళీ చెయ్యి. ఈసారి నంబర్లు నేనేస్తాను."

పది రోజులు పట్టింది. మా సారం, ఆకు కలపని వట్టి ద్రావణం, ఆస్పత్రిలో వాడే క్యాన్సర్ మందు, అన్నిటికీ ముసుగులే. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్కో ప్లేటునూ రెండేసి సార్లు లెక్కపెట్టేదాన్ని. ఏడో నంబరులో కణాలు కుప్పకూలుతుంటే అదే మా ఆకు కావాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఇంటికెళ్తే పిన్ని చేతిలో గ్లాసుతో, ఏమైందన్నట్టు చూసేది. నేను ముఖం తప్పించేదాన్ని. గడ్డ నా లెక్కల కోసం ఆగదు కదా అని భయం. చీటీ చూపించమని మాస్టారిని రెండుసార్లు అడిగాను. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

పదకొండో రోజున చీటీ విప్పారు. ఏడో నంబరు ఆస్పత్రి మందు. మా ఆకు మూడో నంబరు. దానికీ వట్టి ద్రావణానికీ ఏమీ తేడా లేదు. మొదటి విడతలో, బతికుందా చచ్చిందా అని అనుమానం వచ్చిన ప్రతి కణాన్నీ నేను చచ్చిన లెక్కలో వేశానన్నమాట. ఏడుపు ఆగలేదు. పిన్ని సంగతంతా ఏడుస్తూనే చెప్పేశాను.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "తెలుసమ్మా. నువ్వు లోపల లెక్కపెడుతుంటే మీ పిన్నిగారు రోజూ ఫోన్ చేసేవారు. ఎత్తింది నేనే."

పోయిన ఆదివారం నేను ల్యాబులో ఉండగా ఆయన మా ఇంటికి వెళ్ళారట, ముసుగులు వేసిన రెండు సీసాలతో. ఒకదాంట్లో మా ఆకు కషాయం, రెండోదాంట్లో పాలు లేని టీ. రుచి పోల్చుకోలేకుండా రెండింట్లోనూ మెంతిపొడి దట్టించారు. రోజుకొకటి తాగి, ఏది మీ మందో చెప్పమన్నారు. రెండో సీసా తాగాక ఒంట్లో బలం వచ్చిందని, గడ్డ కూడా మెత్తబడినట్టుందని పిన్ని చెప్పింది. మాస్టారు మళ్ళీ వెళ్ళి ముసుగు తీస్తే అది టీ. పిన్ని ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసిందట. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వి, డాక్టరుకు ఫోన్ కలపమందట.

"ఎల్లుండే ఆపరేషన్," అన్నారు మాస్టారు. "ఆవిడ ప్రాణం నీ లెక్క మీద వేలాడకూడదు కదా. నీకు ముందే చెబుదామంటే ఆవిడే వద్దన్నారు, పిల్ల లెక్క చెడుతుందని."

ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అంతకు పదింతలు ప్రాణం లేచి వచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజున మాస్టారు రెండు ఫ్లాస్కులతో ఆస్పత్రికి వచ్చారు. వాటికీ నంబర్లున్నాయి. పిన్ని దిండుకు ఆనుకుని, రెండింట్లోంచీ ఒక్కో గుక్క తాగింది.

"రెండూ టీయే మాస్టారూ. కాకపోతే రెండోదాంట్లో ఉప్పు వేశారు," అంది నవ్వు బిగబట్టుకుని.

మాస్టారి ముఖం వెలవెలబోయింది. చెయ్యి జేబు మీదికి పోయింది, జేబు ఖాళీ.

"మా ఆవిడ బజారుకెళ్ళినప్పుడు డబ్బాలకు మళ్ళీ ముసుగులు వేశాను," అన్నారు మెల్లగా. "చొక్కా మళ్ళీ ఉతుకులో పడిందమ్మా."