మడి చీర పిండిన మోచెయ్యి

నాకున్నది టెన్నిస్ ఎల్బో అని మొట్టమొదట చెప్పింది మా తోటికోడలు. ఆటోనగర్‌లో వాళ్ల తమ్ముడి షెడ్డులో ఒక మెకానిక్కుకి వచ్చిందట, స్పానర్లు తిప్పీ తిప్పీ.

"నేనెప్పుడు ఆడానే టెన్నిసు?" అన్నాను.

"ఆడక్కర్లేదక్కా. మోచేతికి బయటివైపు నొప్పి, పట్టకారు పట్టుకుంటే పట్టు జారిపోవడం, అన్నీ అవే. కొన్నాళ్లు శుక్రవారం పరమాన్నం నేను వండుతాలెండి."

ఆ చివరి మాట దగ్గర నాకు అనుమానం పట్టుకుంది. అత్తగారి తర్వాత అమ్మవారికి నైవేద్యం వండే భాగ్యం నాది. ఈవిడ ఇన్నాళ్లూ దానికోసమే కాచుక్కూర్చుందా? దిష్టి తీయించుకున్నాను. కొబ్బరినూనె మర్దనా చేయించుకున్నాను. తగ్గలేదు సరికదా, కాఫీ గ్లాసు ఎత్తినా సలుపే.

చివరికి బెంజ్ సర్కిల్ దగ్గర ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మాత్ర లేదు, సూది లేదు. ఈ పిల్లకి పని వచ్చా అనుకున్నాను. మోచేతికి కాస్త దిగువన కట్టుకోమని నల్లటి పట్టీ ఇచ్చింది. తోలుదైతే మడిలో ఎలా కట్టుకోను? వాసన చూశాను.

"గుడ్డేనండీ," అంది నవ్వాపుకుంటూ. "రోజూ ఏం పిండుతారు?"

మడి చీర. చల్లపల్లి నుంచి వచ్చి బెజవాడలో స్థిరపడ్డ నేతబట్టల వ్యాపారం మాది. ఇంట్లో అన్నీ దిట్టమైన నూలు చీరలే. తడిపిన చీరను చుక్క కారకుండా మెలిపెట్టి పిండి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసుకోవడం అత్తగారు నేర్పిన పద్ధతి.

"పిండకండి. నీళ్లు కారుతుండగానే ఆరేయండి. గిన్నెలు రెండు చేతులా, అరచేతులు పైకి పెట్టి ఎత్తండి."

ముంజేయి బల్ల మీద ఆనించి, అరచెయ్యి నేలవైపుండేలా చేతిని బల్ల అంచు దాటించి, చిన్న నీళ్లసీసా పట్టుకుని, మణికట్టును మెల్లగా కిందికి దించడం నేర్పింది. పైకి రెండో చేత్తో ఎత్తుకోవాలి. నొప్పి మరీ పెరిగితే ఆపేయాలి. త్వరగా తగ్గేది కాదని ముందే చెప్పింది. పిండని చీర మడికి పనికొస్తుందా అని దారంతా శంకించాను, అయినా మర్నాటి నుంచి నీళ్లు కారుతుండగానే ఆరేశాను.

ఆ శుక్రవారం తోటికోడలే వండింది. గుమ్మంలో నిలబడి కనిపెట్టుకునే ఉన్నాను. బెల్లం తక్కువేసిందనిపించింది. గిన్నె దించి, పక్కకు తప్పుకుని, "రండక్కా, నైవేద్యం మీరే పెట్టండి. అమ్మవారికి మీ గొంతే అలవాటు," అంది.

చెయ్యి కుదుటపడేదాకా ప్రతి శుక్రవారమూ అంతే. కుదుటపడిన రోజున నన్ను పొయ్యి దగ్గరికి పంపి, తను కూరలు తరుక్కుంటూ కూర్చుంది.

అమ్మవారి దయ, ఇప్పుడు వంట నాదే. చదివిన మీరు దీపం పెట్టేటప్పుడు మా తోటికోడలిని ఒక్కసారి తలుచుకోండి. ఆమె చేతులకు ఏ నొప్పీ రాకూడదు.