పది రోజుల దారి

మా మనవరాలు విజయనగరంలో విమానం టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పని చేస్తుంది. ఆదివారాలు భావనపాడు వచ్చి నన్ను చూసిపోతుంది కానీ, వచ్చినా ఫోను వదలదు. మొన్న నేను అరుగుమీద వల బాగుచేసుకుంటుంటే, పక్కనే కూర్చుని ఎవరికో రోటర్‌డామ్ నుంచి ఏథెన్సుకి మూడున్నర గంటలేనండీ, రెండు వేల చిల్లర కిలోమీటర్లు, అంతే అని చెప్పింది. ఆ రెండు ఊళ్ల పేర్లూ దాని నోట ఒకేసారి వింటానని నేనెప్పుడూ అనుకోలేదు.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, వేట సరిగా సాగని రోజుల్లో ఈ తీరం నుంచి చాలామందిమి సరుకు ఓడల్లో ఖలాసీలుగా చేరిపోయాం. నేను విశాఖపట్నంలో ఓడెక్కాను, నా వెనకే మా తమ్ముడూ ఎక్కాడు, కాకపోతే వాడిది వేరే ఓడ. మా అమ్మ లెక్కలో మాత్రం ఇద్దరం ఒక్క సముద్రంమీదే ఉన్నాం కాబట్టి, ఎండు నెత్తళ్లు ఒకే మూట కట్టి నాకిచ్చి, తమ్ముడికి సగం పెట్టమనేది. ఆ సగం వాడికి అందించే దారి లేదు, తినడానికి నాకు మనసొప్పేది కాదు, ఆ వాసనకి ఓడలో వంటవాడు నన్ను తిట్టని తిట్టు లేదు.

మా ఓడ రోటర్‌డామ్ రేవులో ఉండగా కబురొచ్చింది, తమ్ముడు ఏథెన్సు ఆసుపత్రిలో జ్వరంతో పోయాడని, సొంతవాళ్లెవరైనా వస్తామంటే నాలుగు రోజులు ఆగుతామని. మాలో పోయినవాడి నోట్లో తోడబుట్టినవాడు నాలుగు బియ్యం గింజలు వెయ్యాలి, లేకపోతే వాడు ఆకలితో పోయినట్టే. నేను ఖలాసీలకి పెద్ద అయిన మా సరంగు దగ్గరికి వెళ్లి ఏథెన్సు ఎంత దూరమని అడిగాను. ఆయన వేళ్లమీద లెక్కకట్టి పది రోజులన్నాడు. ఓడలో దారి అడిగితే ఓడదారే చెబుతారు, నాకు తెలిసిందీ ఆ దారే, ఇంకో దారి ఉందని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. రాలేనని కబురు పంపాను. వాణ్ణి అక్కడే మట్టి చేశారు.

ఇంటికొచ్చాక అమ్మకి అదే చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు సరికదా, పలకరించడానికొచ్చిన ఆడవాళ్లకి నా తరఫున తనే జవాబు చెప్పేది.

"పది దినాల దారంటమ్మా, నా పెద్దోడు మాత్తరం ఏటి సేస్తాడు, ఆడికి రెక్కలున్నాయేటి?"

ఆ మాట పట్టుకునే ఆవిడ పోయేదాకా బతికింది, నేనూ ఇన్నేళ్లు బతికాను.

మొన్న ఆ మూడున్నర గంటలు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఎవరిమీదా కోపమూ రాలేదు. చెయ్యి మాత్రం వలలో అలాగే ఆగిపోయింది. ఏటి తాతా, అలగున్నావు అని మనవరాలు అడిగితే ఏమీ లేదన్నాను. నిజంగానే లోపల ఏమీ లేదు.

అన్నం తిని అది ఆటో ఎక్కింది. ఇక్కడి నుంచి నౌపడ, అక్కడ రైలు, విజయనగరంలో దిగి గదికి చేరేసరికి దానికీ ఇంచుమించు ఆ మూడున్నర గంటలే పడుతుంది. ఈ కాలం పిల్లలు ఫోనుమీద వేలు పెట్టి ఏ ఊరు ఎంత దూరమో ఇట్టే చెప్పేస్తున్నారు, మంచిదే, మా రోజుల్లో ఎంత దూరమన్నది ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి ఉండేది. నేను మళ్లీ అరుగుమీదే కూర్చున్నాను, వల ముట్టలేదు. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది.

"సేరిపోనాను తాతా," అంది.

ఈపాటికి నేనూ చేరి, వాడి నోట్లో బియ్యం వేసి ఉండేవాణ్ణి.