ఒక్క కన్నే మండిన రోజు

ఆ రోజు సాయంత్రం మా ఆయన కుడి కన్ను ఒక్కటే చేత్తో మూసుకుని ఇంటికి వచ్చాడు. రెండు కళ్లూ మండుతూ రావడం మాకు అలవాటే. వనపర్తిలో మాకు చిన్న వెల్డింగ్ షాపు ఉంది. ట్రాక్టర్ ట్రాలీలు, ఇంటి గేట్లు, వరి మడుల్లో తిరిగే ఇనుప చక్రాలు, అన్నీ ఆయనే అతికిస్తాడు. ఆ రోజుల్లో చేత్తో పట్టుకునే నల్లద్దం ఒకటి ఉండేది. రెండు చేతులకూ పని పడితే దాన్ని పక్కన పెట్టి, కడ్డీ అంటించే క్షణంలో ముఖం తిప్పుకునేవాడు. అలా చేసిన రోజున కొన్ని గంటలకు కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలయ్యేది. వెలుగు కొట్టింది అంటాం దాన్ని.

మా ఇళ్లల్లో దానికి మందు తల్లిపాలు. అప్పటికి మా పాపకు ఏడు నెలలు. మా అత్త దూది చేతికిచ్చేది, నేను పాలలో ముంచి ఆయన కళ్లలో చుక్కలు పిండేదాన్ని. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయేది. పక్క షాపుల వాళ్ల భార్యలు కూడా చిన్న గిన్నె పట్టుకుని వచ్చేవారు. "అక్కా, మా ఆయనకు వెలుగు కొట్టింది. జర రెండు చుక్కలియ్యవా" అనేవారు. మా అత్త నన్ను "కండ్ల డాక్టరమ్మ" అని ఆటపట్టించేది. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల నాకు గర్వంగానే ఉండేది. చదువు ఏడో తరగతిలో ఆగిపోయిన దాన్ని. నా వల్ల కూడా ఒక నొప్పి తగ్గుతోందంటే ఎవరికి గర్వం ఉండదు?

"ఏందిది, ఒక్క కన్నే మండుతుందా?" అని అడిగాను.

"గ్రైండింగ్ చేస్తుంటె ఏదో పడ్డది. నలిపిన, పోయినట్టే ఉంది" అన్నాడు.

నేను పాలు పిండాను.

మర్నాడు కన్ను ఎర్రగా ఉబ్బింది. షాపుకు బయలుదేరుతూ గడపలో ఆగి, "జర దవాఖానకు పోయొద్దమా?" అన్నాడు. నేను రొట్టెలు చేస్తున్నాను. తల కూడా ఎత్తలేదు. "రెండు దినాలల్ల తగ్గుతది గద. ఎన్నడు తగ్గలేదు?" అన్నాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాట్ల రోజులు కావడంతో ట్రాక్టర్ల వాళ్లు షాపు ముందు వరుస కట్టి ఉన్నారు.

మూడో రోజు మందుల షాపులో అడిగి చుక్కల సీసా తెచ్చుకున్నాడు. ఎరుపు తగ్గింది, నొప్పి కూడా కాస్త తగ్గింది. గండం గడిచిందనుకున్నాం. ఆరో రోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే చూశాను. నల్లగుడ్డు మీద గసగసాల గింజంత తెల్లటి చుక్క కనిపించింది. వాకిట్లో వెలుతురుకు కన్ను తెరవలేకపోతున్నాడు. అప్పుడు భయపడ్డాను.

ఊళ్లో కంటి డాక్టరు యంత్రం ముందు గడ్డం పెట్టించి చాలాసేపు చూశాడు. "ఇనుప ముక్క దిగింది. చుట్టూ తుప్పు పట్టింది. దాని పక్కన కార్నియల్ అల్సర్, అంటే నల్లగుడ్డు మీద పుండు అయింది. ముక్క తీస్తాను, కానీ అల్సర్‌కు వైద్యం ఇక్కడ కాదు. ఇయాలే హైదరాబాద్ పోవాలె" అన్నాడు. పాపను చంకనేసుకుని అదే పూట బస్సెక్కాం.

హైదరాబాద్ కంటి ఆసుపత్రిలో అల్సర్‌ను గీకి, వచ్చినదాన్ని గాజు పలక మీద రాసి పరీక్షకు పంపారు. ఆ పలక మీది స్మియర్‌లో ఫంగస్ ఉందని చెప్పింది డాక్టరమ్మ. మందుల షాపు సీసా చూసి, "ఇందులో స్టిరాయిడ్ ఉంది. పైకి ఎరుపు తగ్గించి, లోపల ఫంగస్‌ను పెరగనిచ్చింది. ఇంకేమైనా వేశారా?" అని అడిగింది.

"లేదు మేడం" అన్నాడు మా ఆయన. నా వైపు చూడలేదు. నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది. ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

"పాలు పోసిన మేడం. నా పాలే" అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. కుర్చీ నా వైపు తిప్పుకుని మెల్లగా చెప్పింది. "వెల్డింగ్ వెలుగు తగిలిన కన్ను మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుందమ్మా. పాలు పోసినా తగ్గుతుంది, పోయకపోయినా తగ్గుతుంది. ఇనుప ముక్క అలా పోదు. పాలు, దూది కంట్లోకి క్రిములను తీసుకుపోతాయి. ఏది చెడగొట్టిందో ఇప్పుడు ఎవరం చెప్పలేం. కానీ ఐదారు రోజులు పోయాయి."

ఇన్నాళ్లూ నేను తగ్గించాననుకున్నవేవీ నేను తగ్గించినవి కావు. ఆ మాట మింగుడు పడడానికి నాకు చాలా రోజులు పట్టింది.

గంట గంటకూ చుక్కలు వేయాలి. వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నర్సు నేర్పింది, నేను వేశాను. పదో రోజుకు తెల్ల మచ్చ కాస్త ఆగిందన్నారు. పన్నెండో రోజు కంట్లోంచి వేడి నీళ్లు జారినట్టయింది అన్నాడు. డాక్టరమ్మ చూసి, "పర్ఫోరేషన్. నల్లగుడ్డుకు రంధ్రం పడింది. చనిపోయినవాళ్లు దానం చేసిన కార్నియాతో గ్రాఫ్ట్, అంటే అతుకు వేయాలి. చూపు కోసం కాదు, ముందు కన్ను నిలబడాలి" అంది.

ఆయన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. పాప ఆకలికి ఏడుస్తుంటే వరండాలో గోడకు ఆనుకుని పాలిచ్చాను. అది కడుపు నిండి చేతుల్లోనే నిద్రపోయింది. దానికి ప్రాణం పోస్తున్న పాలే ఇవి. నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న పెద్దామె పాపను ఎత్తుకుంది.

కన్ను నిలిచింది. చూపు మాత్రం రాలేదు. గ్రాఫ్ట్ ఏడాదికల్లా మసకబారింది. ఆ కంటితో ఆయనకు వెలుతురు, ఎదుట కదిలే చెయ్యి, అంతవరకే తెలుస్తాయి.

ఇంటికొచ్చాక చాలాకాలం ఆయన నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించేది. ఒకరోజు షాపులో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను. "దవాఖానకు పోదమంటివి. నేనే ఆపిన. ఒక్క మాటన్న అనవేంది?"

ఆయన చేతిలో కడ్డీ కింద పెట్టాడు. "నువ్వు ఆపితె ఆగే మనిషినా నేను? సీజన్ల షాపు బంద్ పెట్ట బుద్ధిగాలె. తగ్గుతదని నువ్వంటె, అదే చాలనుకున్న. ఇద్దరం కలిసే చేసినం" అన్నాడు.

అది నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదు. నిజమే చెప్పాడు. ఆ తర్వాతే నాకు అన్నం సహించింది.

ఇప్పుడు పాప రెండో తరగతి. ఆయన పని మానలేదు. ఒక కంటితో దూరం అంచనా అందక, కడ్డీ మొన మొదట పక్కకు తగులుతుంది. సన్నటి పని ఒప్పుకోవడం లేదు. తలకు పెట్టుకునే మాస్కు వచ్చాక రెండు చేతులూ ఖాళీ అయ్యాయి, ముఖం తిప్పుకునే పని లేదు. గ్రైండింగ్‌కు పక్కలు కూడా మూసే కళ్లద్దాలు వేరే ఉన్నాయి. మధ్యాహ్నాలు నేనూ షాపులోనే కూర్చుంటాను. అద్దాలు లేకుండా ఎవరు మిషన్ పట్టినా మెయిన్ స్విచ్ ఆపేస్తాను. "వదినమ్మ పోలీసైంది" అని పనివాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

వెల్డింగ్ చేసేవాళ్ల ఇళ్లల్లోని ఆడవాళ్లకు ఒకటే చెబుతాను. కన్ను నొప్పి అంటే చేతికందినవి ఏవీ వేయకండి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయనే "దవాఖానకు పోదమా" అన్నాడా, పొయ్యి మీద ఏమున్నా దించి బయలుదేరండి. మా ఆయన ఆ మాట ఒక్కసారే అన్నాడు.