కెమెరాకు చెమట పట్టకూడదని

మా మేనత్తకు ముందువరసలో ఆరు పళ్ళు మిగిలాయి. అవీ కదులుతున్నాయని, కిందటి డిసెంబరులో శ్రీకాకుళంలో పీకించుకోవడానికి రోజు ఖాయం చేసుకుంది. ముందురోజు నాకు ఫోన్ చేసింది.

"ఒరే, రేపు పొద్దున్నే వచ్చి నాదో ఫోటో తియ్యరా. నవ్వుతున్నట్టుండాల. మరింక ఈ పళ్ళుండవు."

కెమెరా కనిపిస్తే మొహం తిప్పేసుకునే మనిషి. తనంతట తానుగా అడగడం అదే మొదలు.

ఎచ్చెర్ల నుంచి చీపురుపల్లి పక్కన వాళ్ళ ఊరికి తెల్లారగట్ల మంచులో బండి మీద వెళ్ళాను. నాతోపాటు కెమెరా కూడా గడ్డకట్టింది. అత్త వంటింట్లో ఉంది. పొయ్యి మీద నీళ్ళు మరిగి గదంతా ఆవిరి. చల్లటి కెమెరాను అలాంటిచోట తీస్తే లెన్సు లోపల తేమ చేరుతుంది, తర్వాత బూజు పడుతుంది. అందుకని గడప బయటే దాన్ని జిప్పు కవరులో పెట్టి, గాలి దూరకుండా మూసి, లోపలికి తెచ్చి గూట్లో పెట్టాను.

"అదేటిరా, మూట కట్టేసినావు?"

"చలిలోంచి వచ్చింది కదత్తా. ముప్పావుగంట ఆగాలి."

"నువ్వూ సలిలోంచే వచ్చినావు. నిన్నెవులు మూట కట్టినారు?"

అత్త కొడుకు, మా బావ, జేబులోంచి ఫోన్ తీశాడు. "నాను తీసెత్తానుండు."

"ఫోన్లో తీస్తే అదీ ఒక ఫోటోయేనా బావా!" అన్నాను. ఆ రోజు నేనన్న మాటల్లో అత్త వెంటనే నమ్మిన మాట ఇదొక్కటే. ఫోన్ లోపల పెట్టేయమంది.

కొత్తచీర కట్టుకుని, గూటివైపు చూస్తూ కూర్చుంది. అరగంటకే ఆస్పత్రికి వెళ్ళే ఆటో వచ్చింది. కవరు విప్పబోయాను.

"వొద్దురా, పాడైపోద్ది. ఎంతెట్టి కొన్నావో ఏటో," అని లేచింది.

నేను ఫిజిక్సు చదివాను. బయటి చలికీ కెమెరా చలికీ తేడా లేదు కాబట్టి, అత్తను వాకిట్లోకి పిలిచి ఉంటే వచ్చీరాగానే తీసి ఉండేవాణ్ణని, ఆటో ఊరు దాటాక తట్టింది.

లెన్సుకు ఏమీ కాలేదు. బూజు లేదు, మరక లేదు. అదే లెన్సుతో అత్తకు తర్వాత చాలా ఫోటోలు తీశాను. కట్టుడు పళ్ళు బాగానే కుదిరాయని అందరూ అంటారు. ఆవిడ మాత్రం "ఇయి నాయి కావు కదరా" అంటుంది. తీసే ముందు జోకు వేస్తాను. నవ్వుతుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.