పంటెక్కానని ఒక్క రింగు

దెయ్యాలు, ఆత్మలు అన్న మాటలు వింటే నాకు చిరాకు. భీమవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటూ సగం జీవితం గడిపినవాడిని. ఏ మెషీన్ మొరాయించినా దానికొక కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నమ్మేవాడిని. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా కారణం వెతికాను. దొరకలేదు.

అయినా ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. మా అత్తయ్య గురించి బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. అది అబద్ధమని చెప్పవలసినవాడిని నేనొక్కడినే.

అత్తయ్య మా నాన్నగారి అక్క. నరసాపురంలో ఉండేది. ఇంట్లో ఆవిడా, మావయ్యా ఇద్దరే. పిల్లలు లేరు. మావయ్యకు గోదావరి అవతల, సఖినేటిపల్లి వైపు కొబ్బరితోట ఉండేది. పొద్దున్నే పంటు మీద ఏరు దాటి వెళ్ళేవారు. మనుషుల్నీ, స్కూటర్లనీ, వ్యాన్లనీ కలిపి దాటించే ఆ పంటు మీదే సాయంత్రం తిరిగి వచ్చేవారు.

సెల్‌ఫోన్లు పల్లెలదాకా వచ్చేసిన రోజులవి. నేనే ఇద్దరికీ చెరొకటి కొనిచ్చాను. రంగుల్లేని చిన్న తెర, దాని కింద బొత్తాలు, అంతే. ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. మావయ్య అవతలి రేవులో పంటెక్కగానే ఒక్క రింగిచ్చి కట్ చేసేవారు. అది వినగానే అత్తయ్య పొయ్యి మీద అన్నం పడేసేది. ఆయన చెప్పులు విప్పేసరికి అన్నం దిగేది. ఎత్తి మాట్లాడే పని లేదు. అత్తయ్య లేసు అల్లేది. వరస మధ్యలో సూది వదిలితే అల్లిక లెక్క తప్పుతుంది కాబట్టి ఆవిడకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది.

ఒక మధ్యాహ్నం ఎవడో ఫోన్ చేసి, మీ నంబరుకు కారు తగిలిందమ్మా అన్నాడు. అది ఇంటికి పంపాలంటే రీఛార్జి కార్డులు కొని, గీకి, ఆ నంబర్లు తనకు చదివి వినిపించాలన్నాడు. అత్తయ్య లేసు డబ్బులతో కార్డులు తెప్పించింది. లేసు సూదితోనే గీకింది. ఒక్కొక్క అంకె స్పష్టంగా చదివింది. ఆ తర్వాత వాడు పలకలేదు.

మావయ్య చాలారోజులు వదల్లేదు.

“ఏమే, కారు ఎక్కడ పెడదాం? గేదె పక్కన పడుతుందంటావా?”

“చాల్లెండి సంబడం. మీకైతే సైకిలు కూడా తగల్లేదు.”

“ఒరేయ్, మీ అత్తయ్యకి డ్రైవరు కావాలంట. కాలేజీ ఉద్యోగం మానేసి వచ్చెయ్యరా!”

నాకు నవ్వు రాలేదు. ఒకసారి వలలో పడిందని తెలిశాక అలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తెలియని నంబరు ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. “గుమ్మంలోకొచ్చి పిలిచే మనిషికి పలక్కుండా ఎలా కూర్చోమంటావురా? ఎవరో, ఏం అవసరమో!” అనేది. మా వైపు వాళ్ళకు అది వట్టి అలవాటు కాదు, మర్యాద. మోగే ఫోన్‌ని అలా వదిలెయ్యడం ఆవిడ దృష్టిలో ముఖం మీద తలుపు వేసినట్టే.

ఇక చెప్పి లాభం లేదని నేనే ఒక పని చేశాను. ఆ ఫోన్లో ఒక సెట్టింగు ఉండేది. మనం ఎంచుకున్న నంబర్లకే మోగుతుంది. మిగతావి వస్తే తెర వెలిగి ఆరిపోతుంది, చప్పుడుండదు. మావయ్య నంబరు, నా నంబరు మాత్రమే మోగేలా పెట్టేశాను. ఇద్దరికీ చెప్పలేదు. చెబితే తీసెయ్యమంటుందని తెలుసు. ఆవిడ మంచికే చేస్తున్నానన్న ధీమా కూడా ఉంది.

కొంతకాలం హాయిగా గడిచింది. “ఈ మధ్య ఎవరూ చెయ్యట్లేదేంటో” అందొకసారి. నేను లోపల నవ్వుకున్నాను.

ఒక శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కరెంటు పోయింది. అత్తయ్య వెలుతురు కోసం అరుగు మీద కూర్చుని అల్లుకుంటోంది. నేను లోపల గదిలో మంచం మీద ఉన్నాను. ఫోన్ నా ఎదురుగా కిటికీలో ఉంది.

తెర వెలిగింది. చప్పుడు లేదు. వంగి చూశాను. ఏదో తెలియని నంబరు. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ అదే నంబరు. అలా చాలాసార్లు వచ్చింది. వీడెవడో పట్టు వదలడే అనుకున్నాను. నేను పెట్టిన సెట్టింగు ఎంత బాగా పనిచేస్తోందో కళ్ళారా చూసి ముచ్చటపడ్డాను. ఎత్తలేదు. చెయ్యి చాపితే అందేది. ఎత్తలేదు.

కాసేపటికి వెలగడం మానేసింది. గది పూర్తిగా చీకటైపోయింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఒక్క రింగు. కట్ అయింది.

అరుగు మీద నుంచి అత్తయ్య లేచింది. “మీ మావయ్య పంటెక్కారు. అన్నం పడేస్తాను, నువ్వూ తినేసి వెళ్ళు” అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

నేను ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాను. మిస్డ్ కాల్స్‌లో అన్నిటికంటే పైన మావయ్య పేరు ఉంది. దాని కింద ఆ తెలియని నంబరు. రెండు కొబ్బరి బొండాలు తెమ్మందామని నా ఫోన్ నుంచి ఆయనకు చేశాను. స్విచాఫ్ అని వచ్చింది. బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను.

ఆ పంటు మీదే మావయ్య వచ్చారు. నలుగురు మోసుకొచ్చారు. పొయ్యి మీద అన్నం అప్పుడే వార్చడానికి సిద్ధంగా ఉంది.

జరిగింది వాళ్ళతో వచ్చిన అవతలి రేవు టీకొట్టాయన చెప్పాడు. మావయ్య రేవు మెట్లు దిగుతూ గుండె పట్టుకుని కూలబడిపోయారు. చేతిలో ఉన్న ఫోన్ జారి గోదాట్లో పడిపోయింది. పంటు అప్పుడే ఇవతలికి బయల్దేరిపోయింది, మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. బల్ల మీద పడుకోబెట్టారు. తెలివిలోనే ఉన్నారు. ఇంటి నంబరు ఆయనే చెప్పారు. కొట్టులో ఉన్న రూపాయి బిళ్ళ ఫోన్ నుంచి చేశారు.

“ఎన్నిసార్లు చేశానోనండి. మోగుతానే ఉందండి, ఎవరూ ఎత్తలేదండి. ఆయన మాత్రం మళ్ళీ చెయ్యండి, మా ఆవిడ ఎత్తుతుంది, ఒక్క మాట చెప్పాలి అంటానే ఉన్నారండి. ఆ మాటేంటో మాకు చెప్పలేదండి. ప్రాణం పోయాక ఇంక నేను చెయ్యలేదండి.”

అతను చెయ్యడం మానేశాకే ఆ ఒక్క రింగు వచ్చింది. దానికి చాలాసేపటి ముందే మావయ్య ఫోన్ నీళ్ళ అడుగుకు వెళ్ళిపోయింది. మర్నాడు మనుషుల్ని దింపి వెతికించాను. బురద తప్ప ఏమీ దొరకలేదు. తర్వాత ఫోన్ కంపెనీ దుకాణంలో అడిగాను. టవరులో ఆలస్యమై తర్వాత మోగే వీలుందా అన్నాను. మెసేజి ఆలస్యం కావచ్చు గానీ రింగు కాదండి అన్నారు. చెవి భ్రమ అనుకుందామంటే ఇద్దరం విన్నాం. తెర మీద పేరు నా కళ్ళతో చూశాను.

ఆ లిస్టు ఇప్పుడు లేదు. నేనే చెరిపేశాను. ఆ తెలియని నంబరు వరసగా ఉండడం ఎవరైనా చూస్తే, మరి ఎందుకు మోగలేదని అడుగుతారు. దినకర్మలు కాకముందే పెరట్లోకి వెళ్ళి సెట్టింగు మార్చేసి, లిస్టంతా తుడిచేశాను. నన్ను కాపాడుకోవడానికి తుడిచినదాంతోపాటు మావయ్య పేరు కూడా పోయింది.

బంధువులు ఊరుకోలేదు. “పక్కనే ఫోన్ పెట్టుకుని ఎత్తలేదంటమ్మా. లేసు మీదున్న ధ్యాస మొగుడి మీద ఉంటేనా!” అని ఆవిడకు వినపడేలాగే అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆ సాయంత్రం గదిలో నాకు కునుకు పట్టేసిందని చెప్పి తప్పుకున్నాను.

అత్తయ్య ఎవరికీ ఎదురు చెప్పలేదు. నన్ను మాత్రం ఒకటి అడిగింది. “నాకు చెవుడొచ్చిందేమోరా. ఒకసారి చూపించు.” నేనే తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్ష చేసి, ఈ వయసులో ఇంత బాగా వినపడడం అదృష్టమండి అన్నాడు. రిక్షాలో తిరిగి వచ్చాం. ఇంటికొచ్చాక, “అయితే వినపడే ఎత్తలేదన్నమాట” అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేను మంచినీళ్ళు తాగి బస్సెక్కాను.

ఆ తర్వాత ఆవిడ లేసు ముట్టలేదు. ఫోన్ కొంగున కట్టుకుని తిరిగేది. ఏ నంబరు వచ్చినా మొదటి రింగుకే ఎత్తేది. మోసగాళ్ళకు ఇంకేం కావాలి? ఒకడు బహుమతి అన్నాడు, ఒకడు బ్యాంకు నుంచి అన్నాడు. ఏటీఎం నంబరు అడిగితే చెప్పేసింది. నేను వెళ్ళి కేకలేశాను. సెట్టింగు గురించి అప్పుడూ చెప్పలేదు.

“దొంగవెధవలని నాకు తెలియదంటావా?” అంది నెమ్మదిగా. “పదిమంది దొంగల మధ్య ఒకడు నిజంగా రేవులో పడిపోయి ఉంటాడురా. మీ మావయ్య ఏం చెప్పాలనుకున్నారో ఇంక నాకు ఎలాగూ తెలియదు. ఇంకెవరికీ అలా అవకూడదు.”

ఉన్నదంతా పోయింది. తోట కూడా అమ్మేశాం. నాలుగైదేళ్ళు అలాగే బతికి వెళ్ళిపోయింది. చివరిరోజు వరకూ తానే ఎత్తలేదని నమ్మింది. ఇప్పటికీ మా పెళ్ళిళ్ళలో ఎవరి ఫోన్ అయినా ఎత్తకుండా మోగుతుంటే ఆవిడ పేరు చెప్పి నవ్వుతారు.

ఆవిడ ఫోన్ మోగలేదు. మోగకుండా చేసింది నేను. చెయ్యి చాపి ఎత్తనిది కూడా నేనే.

ఆ ఒక్క రింగు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. మిగతావి ఎందుకు వినపడలేదో మాత్రం తెలుసు. అది తెలియవలసిన మనిషికి చెప్పలేదు.